తరిమే కొయ్య, చల్లబరిచే మండ: చైనా పీచ్ కలప, నెల్లూరు తీరపు వేప – జానపద రక్షావిశ్వాసాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంటి గుమ్మం వద్ద ఒక చెట్టు కొమ్మనో కొయ్యనో నిలిపి కీడును నివారించుకోవచ్చుననే విశ్వాసం అనేక జాతులలో ఉంది. చైనా జానపదులు ఇందుకు పీచ్ కలపను ఎన్నుకున్నారు. నెల్లూరు తీరవాసులు వేపను ఎన్నుకున్నారు. చూపునకు రెండు ఆచారాలూ ఒకటే. అందువల్ల రెండింటినీ "దుష్టశక్తులను పారద్రోలే వృక్షాలు" అనే ఒకే శీర్షిక కిందికి చేర్చడం పరిశోధకునికి సులభం. ఈ సౌలభ్యం ఒక ముఖ్యమైన భేదాన్ని కప్పివేస్తుందని ఈ వ్యాసం నిరూపించదలచింది. పీచ్ కొయ్య ప్రధానంగా భూతాన్ని భయపెట్టి తరిమే సాధనం. వేపమండ ప్రధానంగా ఇంటికి వచ్చిన దేవతను గౌరవించి చల్లబరిచే ఉపచారం. ఈ భేదాన్ని గుర్తించకపోతే గ్రామదేవతారాధనలోని వేప అర్థం కాదు. వ్యాధి సమయంలో ఆ ఇంటివారి ప్రవర్తనా అర్థం కాదు.

కీలకపదాలు: పీచ్ కలప, వేప, గడప, గ్రామదేవత, అమ్మవారు పోయడం, చెంగాళమ్మ, నెల్లూరు తీరం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి ఇంట గడపకున్న స్థానం వారి ఆచారాలలోనే వ్యక్తమవుతుంది. శుక్రవారం గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెడతారు. గడప మీద కూర్చోరాదంటారు. గడపకు ఇవతల నిలబడి అవతలివారికి వస్తువు అందించరాదంటారు. కొత్త కోడలు గడప దాటే తీరుకూ, శవం గడప దాటే తీరుకూ వేర్వేరు నియమాలున్నాయి. ఫ్రెంచి జానపద విజ్ఞాని ఆర్నాల్డ్ వాన్ గెన్నెప్ 1909లో ప్రకటించిన గ్రంథంలో మానవజీవితంలోని స్థితిమార్పులను గడప దాటడంతో పోల్చి వివరించాడు. లోపల, బయట అనే రెండు లోకాలు కలిసే చోటు గనుక గడప ప్రమాదస్థానం. ప్రమాదస్థానం గనుకనే రక్షాస్థానం కూడా.

ఈ స్థానంలో నిలిచే చెట్టు ఏది, అది అక్కడ చేసే పని ఏమిటి అనేవి ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు. నెల్లూరు తీరం అన్నప్పుడు ఇక్కడ కావలి నుంచి పులికాటు సరస్సు దాకా వ్యాపించిన పూర్వపు నెల్లూరు జిల్లా కోస్తాను, దానితో సాంస్కృతికంగా ముడిపడిన సమీప ప్రాంతాలను గ్రహించాలి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలో చేరాయి. అయితే ఆరాధనా సంప్రదాయాల దృష్ట్యా ఇవి నెల్లూరు సీమకు చెందినవే.

పీచ్ చెట్టు ఈ తీరంలో పెరిగేది కాదు. చైనాతో సంబంధం మాత్రం ఈ తీరానికి కొత్త కాదు. పూర్వపు నెల్లూరు జిల్లాలోని కొత్తపట్నం తవ్వకాలలో చైనా పింగాణీ పెంకులు లభించాయి. 7వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన హ్యూయన్ త్సాంగ్ పీచ్ పండును ఈ దేశంలో "చీనాని" అంటారని తన యాత్రావృత్తాంతంలో రాశాడు. పండు భారతదేశానికి చేరింది. పింగాణీ ఈ తీరానికి చేరింది. పీచ్ కొయ్య మీది విశ్వాసం మాత్రం తెలుగునేలకు చేరలేదు. కనుక ఈ పరిశీలన ఒక సంస్కృతి మరొకదాని నుంచి తెచ్చుకున్న అరువును గురించినది కాదు. ఒకే అవసరానికి రెండు సమాజాలు స్వతంత్రంగా ఇచ్చుకున్న సమాధానాలను పక్కపక్కన ఉంచి చూడడమే దీని ఉద్దేశం.

2. చైనా సంప్రదాయంలో పీచ్ కొయ్య

పీచ్ కొయ్యను గురించిన మూలకథ ఒక ద్వారం చుట్టూ అల్లుకున్నది. క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందిన వాంగ్ చోంగ్ తన "లున్ హెంగ్" గ్రంథంలో ఈ కథను ఉదాహరించాడు. సముద్రమధ్యంలో దూషువో అనే పర్వతం ఉంది. దాని మీద ఒక మహా పీచ్ వృక్షం ఉంది. ఆ వృక్షపు కొమ్మలలో ఈశాన్య దిశగా భూతద్వారం ఉంది. భూతాలన్నీ ఆ ద్వారం గుండానే రాకపోకలు సాగిస్తాయి. షెన్ షూ, యూ ల్యూ అనే ఇద్దరు దివ్యపురుషులు అక్కడ కాపలా ఉంటారు. మానవులకు హాని చేసిన భూతాన్ని వారు రెల్లుతాళ్లతో కట్టి పులికి ఆహారంగా వేస్తారు. దీనిని అనుసరించి ఇంటి ద్వారం వద్ద పీచ్ కొయ్యబొమ్మలను నిలపడం, తలుపు మీద ఆ ఇద్దరి రూపాలనూ పులినీ చిత్రించడం, రెల్లుతాళ్లు వేలాడదీయడం ఆచారమైనట్లు కథ చెబుతుంది. 2వ శతాబ్దానికి చెందిన యింగ్ షావ్ రచన "ఫెంగ్‌సు తోంగ్‌యి"లోనూ ఈ వృత్తాంతం ఉంది.

ఈ కథలో గమనింపదగినవి మూడు. మొదటిది, భూతం అనుమతి లేకుండా వచ్చే అపరాధి. రెండవది, కావలివారు దానిని పట్టి, కట్టి, శిక్షించే అధికారులు. మూడవది, చెట్టు ఆ శిక్ష జరిగే స్థలం. అంటే పీచ్ కొయ్య శక్తి ఒక న్యాయస్థానపు శక్తి వంటిది. ఇంటి తలుపునకు ఆ కొయ్యను తగిలించడం భూతానికి ఆ శిక్షను గుర్తుచేయడమే.

ఆచారం ఈ గ్రంథాల కంటె ప్రాచీనమైనది. "జ్వో జ్వాన్" చరిత్రగ్రంథంలో క్రీ.పూ. 544 నాటి ఒక సంఘటన ఉంది. లూ రాజ్యపు పాలకుడు చూ రాజ్యానికి వెళ్లినప్పుడు అక్కడి రాజు మరణించాడు. శవానికి వస్త్రం సమర్పించవలసిందని ఆతిథేయులు అతనిని నిర్బంధించారు. అతడు ముందుగా పీచ్ కొమ్మతో, రెల్లుచీపురుతో శవపేటికకు దోషనివారణ చేయించి తర్వాతనే వస్త్రం సమర్పించాడు. అదే గ్రంథంలో మరొకచోట మంచుగడ్డలు నిలువచేసే కొట్టు తెరిచే సందర్భంలో పీచ్ కొయ్యవిల్లు, ముళ్లకొయ్య బాణాలు వాడేవారన్న ప్రస్తావన ఉంది. అక్కడ పీచ్ నేరుగా ఆయుధరూపం ధరించింది. క్రీ.పూ. 2వ శతాబ్దపు "హ్వైనాన్‌త్స" గ్రంథం యీ అనే మహావీరుడు పీచ్ కొయ్య దుడ్డుకర్ర దెబ్బకు మరణించాడని చెబుతుంది. అప్పటినుంచి భూతాలు పీచ్‌కు భయపడుతున్నాయని హాన్ యుగపు వ్యాఖ్యాత షు షెన్ వివరించాడు.

పురావస్తు ఆధారాలూ ఈ విశ్వాసాన్ని సమర్థిస్తాయి. చాంగ్‌షా నగరం వద్ద 1972లో తవ్విన మవాంగ్‌దుయ్ 1వ సమాధిలో శవపేటికల నడుమ పీచ్ కొమ్మలతో చేసిన చిన్న చిన్న బొమ్మలు దొరికాయి. ఈ సమాధి క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందినది. ఇక్కడ కూడా పీచ్ రెండు లోకాల నడుమనే నిలిచింది.

భాష కూడా ఈ విశ్వాసానికి అండగా నిలిచింది. చైనా భాషలో పీచ్‌ను "తావ్" అంటారు. పారిపోవు అనే అర్థంగల మాటకూ అదే ఉచ్చారణ ఉంది. ధ్వనిసామ్యం వల్ల చెట్టు పేరు పలకడమే భూతాన్ని పొమ్మనడం అయింది.

కాలక్రమంలో ద్వారం వద్ద నిలిచిన బొమ్మ స్థానంలో దేవతల పేర్లు రాసిన పలక వచ్చింది. దీనిని "తావ్‌ఫు" అన్నారు. 6వ శతాబ్దపు జోంగ్ లిన్ రచనలో సంవత్సరాదినాడు ద్వారానికి పీచ్ పలకలు తగిలించే ఆచారం నమోదైంది. 964లో షూ రాజ్యపాలకుడు మెంగ్ చాంగ్ పీచ్ పలక మీద జంట పాదాలు రాశాడని, నేడు చైనా ఇళ్ల వాకిళ్లలో కనిపించే ఎర్రకాగితపు జంట పాదాలకు అదే ఆదియని సంప్రదాయం చెబుతుంది. కొయ్య కాగితమైంది, హెచ్చరిక శుభాకాంక్షగా మారింది. కొయ్య మీది విశ్వాసం మాత్రం నశించలేదు. షాన్‌డోంగ్ రాష్ట్రంలోని ఫెయ్‌చెంగ్ ప్రాంతం నేటికీ పీచ్ తోటలకూ, పీచ్ కొయ్య చెక్కడాలకూ ప్రసిద్ధి. తావో మతపు అర్చకులు భూతోచ్చాటనలో పట్టే పీచ్ కొయ్యకత్తి ఈ సంప్రదాయానికి ప్రతినిధి.

3. నెల్లూరు తీరంలో వేప

నెల్లూరు మాండలికంలో "యాపచెట్టు"గా వినిపించే వేపకు ఈ ప్రాంతపు గ్రామదేవతారాధనలో విడదీయరాని స్థానం ఉంది. పోలేరమ్మ, అంకమ్మ, గంగమ్మ గుళ్ల వద్ద వేపచెట్టు ఉండడం సామాన్యం. గుడి కట్టకముందు చెట్టే గుడిగా ఉన్న సందర్భాలూ అనేకం. ఈ ప్రాంతపు గ్రామదేవతలను గురించిన తొలి వివరణాత్మక రచనలలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డబ్ల్యూ.టి. ఎల్మోర్ 1915లో ప్రకటించిన ద్రావిడ దేవతల అధ్యయనం ఒకటి. హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రకటించిన దక్షిణభారత గ్రామదేవతల గ్రంథం మరొకటి. దేవతల తమ్ముడైన పోతురాజును కొయ్యగుంజ రూపంలో నిలుపుతారని వైట్‌హెడ్ వర్ణించాడు. ఊరి రక్షణలో కొయ్యకున్న పాత్రకు ఇది నిదర్శనం.

వేప పాత్ర అత్యంత స్పష్టంగా కనిపించేది అంటురోగ సందర్భంలో. పూర్వం మశూచిని "పెద్దమ్మవారు" అనేవారు. ఆటలమ్మ, తట్టు మొదలైనవాటిని నేటికీ "అమ్మవారు పోయడం"గానే వ్యవహరిస్తారు. ఇక్కడి క్రియాపదం గమనింపదగినది. రోగి "జబ్బుపడ్డాడు" అనరు. "అమ్మవారు పోసింది" అంటారు. ఒళ్లంతా పొక్కులు లేచిన బిడ్డ దేవత దిగివచ్చిన స్థానం. అందుకే ఆ బిడ్డను కసరరు, కొట్టరు. "తల్లీ, చల్లగా చూడు" అని మొక్కుతారు.

ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారు. పడక మీద వేపాకు పరుస్తారు. దురద పుట్టినప్పుడు గోటితో గీరకుండా వేపరెమ్మతో నిమురుతారు. బిడ్డకు పెరుగన్నం, అంబలి వంటి చలువ చేసే ఆహారం పెడతారు. పొయ్యి మీద తిరగమోత వేయరు. పరాయివారు లోనికి రారు. ఆ ఇంటివారు శుభకార్యాలకు వెళ్లరు. పొక్కులు మాడిన తర్వాత వేపాకు, పసుపు కలిపిన నీళ్లు ఎండకు కాచి బిడ్డకు పోస్తారు. దీనిని "నీళ్లు పోయడం" అంటారు. దానితో గుమ్మానికున్న మండలకు పని తీరుతుంది. అమ్మవారు చల్లబడి వెళ్లిందని భావిస్తారు.

ఈ క్రమంలో తరమడం ఎక్కడా లేదు. ఉన్నది ఆతిథ్యం. అతిథి ఉగ్రస్వభావం కలది గనుక చలువ పదార్థాలు, చలువ మాటలు, చలువ ఆకులు. వాసనకు ఆమె ఆగ్రహిస్తుందని తిరగమోత మాన్పించడం, ఆమె ఉన్నంతకాలం ఇంట కలహం లేకుండా చూడడం, వెళ్లేటప్పుడు స్నానంతో, నైవేద్యంతో సాగనంపడం – ఇవన్నీ పెద్ద చుట్టం ఇంటికి వచ్చినప్పుడు పాటించే మర్యాదలు. గ్రామస్థాయిలో జాతర ఇదే వ్యాకరణాన్ని విస్తరించి చూపుతుంది. వెంకటగిరి పోలేరమ్మ జాతరలో అమ్మవారి మట్టిప్రతిమను కుమ్మరులు రూపొందిస్తారు. పుట్టినింటి నుంచి ఆడబిడ్డను మెట్టినింటికి పంపినట్లుగా ప్రతిమను తరలిస్తారు. పూజలందుకున్న తర్వాత ఆ ప్రతిమను విరూపం చేసి సాగనంపుతారు. తీరప్రాంతపు మత్స్యకారుల గంగమ్మ కొలుపులోనూ దేవతను పిలవడం, తృప్తిపరచడం, సాగనంపడం అనే మూడు దశలే ప్రధానం.

తెలుగు వాకిలిలోని రెండు తోరణాల భేదం ఈ వివేచనకు తోడ్పడుతుంది. మామిడాకుల తోరణం ఇంట శుభకార్యం ఉందని చెబుతుంది; అందరినీ లోనికి పిలుస్తుంది. వేపమండల తోరణం ఇంట అమ్మవారు ఉందని చెబుతుంది. పరాయివారిని వాకిటనే ఆపుతుంది. మామిడాకు కట్టిన చోట వేపమండ కట్టరు. ఊరిలోని ప్రతివారికీ ఈ లిపి చదవడం తెలుసు. వేపమండ ఆపేది దేవతను కాదు, మనుషులను. పీచ్ పలక భూతంతో మాట్లాడుతుంది. వేపతోరణం ఇరుగుపొరుగుతో మాట్లాడుతుంది.

4. తలుపు వద్దన్న దేవత

ఈ భేదాన్ని సూళ్లూరుపేట చెంగాళమ్మ స్థలైతిహ్యం మరింత స్పష్టం చేస్తుంది. కాళంగి నది ఒడ్డున ఉన్న ఈ ఆలయం రేయింబవళ్లు తెరిచే ఉంటుంది; దానికి తలుపులు లేవు. ఒకప్పుడు ఆలయానికి తలుపులు అమర్చాలని పెద్దలు సంకల్పించారట. అమ్మవారు కలలో కనిపించి తనకూ తన బిడ్డలకూ నడుమ తలుపులు అడ్డు వద్దని చెప్పిందట. అమర్చకుండా పక్కన పెట్టిన తలుపు చెక్క చిగురించి చెట్టయిందని స్థానికులు చెప్పుకుంటారు.

దూషువో పర్వత కథతో ఈ ఐతిహ్యాన్ని పోల్చితే రెండు సంప్రదాయాల దృక్పథం తేటతెల్లమవుతుంది. చైనా కథలో చెట్టు కొయ్య అవుతుంది, కొయ్య ద్వారానికి చేరుతుంది, ద్వారం భూతానికి అడ్డుపడుతుంది. చెంగాళమ్మ కథలో క్రమం తిరగబడింది. ద్వారం కావలసిన కొయ్య తిరిగి చెట్టవుతుంది. ఒకచోట చెట్టు చచ్చి కావలి కాస్తుంది. మరొకచోట కొయ్య కావలి పని మాని మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. రక్షించే దేవతకు తలుపు అక్కరలేదు. తలుపు ఉంటే ఆమెకూ ఊరికీ నడుమ సంబంధం తెగుతుంది. ఊరి పొలిమేరలో, చెట్టు నీడలో, పైకప్పు లేని చోట నిలిచే గ్రామదేవతల స్వభావానికి ఈ ఐతిహ్యం చక్కని సారాంశం.

ఈ విశ్వాసం పల్లెకే పరిమితమని భావించరాదు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి సమీపంలో ఉన్న ఈ ఆలయాన్ని ప్రయోగాలకు ముందు ఇస్రో అధిపతులు దర్శించడం ప్రసిద్ధం. 2023 జూలైలో చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు నాటి ఇస్రో అధ్యక్షుడు ఎస్. సోమనాథ్ చెంగాళమ్మను దర్శించుకున్నారు. ప్రయాణం ఆరంభమయ్యే క్షణం కూడా ఒక గడపయే.

5. సామ్యభేదాలు

రెండు సంప్రదాయాలలోని సామ్యాలు మొదట చెప్పదగినవి. రెండు చెట్లూ ఆయా నేలల్లో సులభంగా లభించేవి. రెండింటినీ నిలిపే చోటు ద్వారం. రెండింటినీ వాడే కాలం సంధికాలం: చైనాలో ప్రధానంగా సంవత్సరాది, నెల్లూరులో రోగం, జాతర. తెలుగువారి ఉగాదినాడు వేపపువ్వు పచ్చడిలో చేరడం కూడా ఇక్కడ స్మరణీయం. రెండు చోట్లా పేరుకు బలం ఉంది. పీచ్ పేరు పారిపోవడాన్ని సూచించగా, అమరకోశం వేపకు చెప్పిన పర్యాయపదాలలో "అరిష్ట", "సర్వతోభద్ర" ఉన్నాయి. మొదటిది హాని లేనిదని, రెండవది అన్ని వైపులా శుభమైనదని చెబుతున్నాయి. పీచ్ పేరు శత్రువు చేయవలసిన పనిని చెప్పగా, వేప పేర్లు ఇంటివారు పొందవలసిన స్థితిని చెబుతున్నాయి.

భేదాలలో మొదటిది పదార్థస్థితికి సంబంధించినది. పీచ్ ఎండిన కొయ్యగా, చెక్కిన వస్తువుగా పనిచేస్తుంది. పలక, బొమ్మ, కత్తి, విల్లు – అన్నీ చేతిపని ఫలితాలు. అందువల్లనే అది నిలువ ఉంటుంది, అమ్ముడవుతుంది, ఒక చేతి నుంచి మరొక చేతికి మారుతుంది. వేప పచ్చిగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. వాడిన మండను తీసి కొత్తది కడతారు. పని తీరాక పారే నీటిలో వదులుతారు. నెల్లూరు జిల్లాలో కొయ్యపనికి కొరత లేదు. ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు దేశమంతటా పేరుపొందాయి. అయినా వేపను చెక్కి రక్షాఫలకంగా వేలాడదీయాలన్న ఆలోచన ఈ ప్రాంతంలో ఆచారంగా స్థిరపడలేదు. చల్లదనం పచ్చదనంలోనే ఉందన్న భావనయే ఇందుకు కారణం.

రెండవ భేదం కీడును ఊహించిన తీరులో ఉంది. చైనా పీచ్ కథలలో కీడు బయటిది, పరాయిది, శిక్షార్హమైనది. నెల్లూరు వేప ఆచారంలో రోగం తెచ్చేదీ తల్లియే, తీసుకుపోయేదీ తల్లియే. శిక్షించడానికి అక్కడ శత్రువు లేడు.

మూడవది రాతకు సంబంధించినది. చైనాలో కొయ్య చివరకు రాతగా మారింది. తెలుగు వాకిళ్లలో కూడా ఒక రాత సంచరించింది. కొన్ని దశాబ్దాల కిందట అనేక పల్లెలలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. రాత్రివేళ తలుపు తట్టే దయ్యానికి అది సమాధానం. దానిలో తిట్టు లేదు, బెదిరింపు లేదు, ఏ దేవత ఆజ్ఞా లేదు. వచ్చినదానిని సంబోధించి, రేపు రమ్మని మర్యాదగా చెప్పడమే ఉంది. దయ్యం విషయంలోనూ తెలుగు వాకిలి తరిమే భాష కంటె నచ్చజెప్పే భాషనే ఎన్నుకున్నదని ఈ రాత సూచిస్తుంది.

6. విరుద్ధ ఆధారాల పరిశీలన

పై భేదాన్ని నిరపేక్షంగా చెప్పడం సరికాదు. భూతవైద్యులు వేపమండలతో మంత్రించడం, దెబ్బకొట్టడం తెలుగునాట ఉంది. దిష్టి తీయడంలో వేపాకు వాడకమూ ఉంది. ఇవి తరిమే క్రియలే. అయితే అక్కడ కూడా వైద్యుడు పూనినదానిని "నీవు ఎవరు, నీకేమి కావాలి" అని అడుగుతాడు. కోరినది ఇచ్చి పంపుతాడు. దెబ్బ ఉన్నా బేరం ఆగదు. మండకు బలం వచ్చేది అది అమ్మవారి ఆకు కావడం వల్ల.

చైనా వైపునా ఇటువంటి ఆధారాలున్నాయి. పీచ్ పండు దీర్ఘాయువునకు సంకేతం. పశ్చిమదిక్కు రాణీమాత తోటలోని అమరఫలం అదే. కొయ్య భయపెట్టగా, పండు దీవిస్తుంది. ఇంకా ముఖ్యమైనది, ఫుజియాన్, తైవాన్ తీరాలలో మహమ్మారి దేవతలైన వాంగ్‌యేలను ఆహ్వానించి, విందు చేసి, నావలో ఎక్కించి సాగనంపే ఉత్సవాలున్నాయి. వాటి వ్యాకరణం నెల్లూరు జాతరకు అతి సన్నిహితం. కనుక చైనీయులు తరుముతారు, తెలుగువారు ఆదరిస్తారు అనే జాతిపరమైన సూత్రీకరణ తప్పు. రెండు వైఖరులూ రెండు సమాజాలలో ఉన్నాయి. పీచ్ కొయ్య ఒక వైఖరికి, వేపమండ మరొక వైఖరికి ప్రధాన వాహికలైనాయి. తులనాత్మక అధ్యయనం పోల్చవలసినది చెట్టును కాదు, చెట్టు చేత చేయించే పనిని.

7. శాస్త్రీయ వివరణ – దాని హద్దు

వేపమండ ఆచారాన్ని గురించి నేడు విస్తృతంగా వినిపించే వివరణ ఒకటుంది: వేపలో క్రిమిసంహారక గుణం ఉంది, పూర్వులు దానిని ముందే కనుగొని ఆచారంగా మార్చారు. వేపలో జీవరసాయన గుణాలున్న మాట నిజం. వేపనూనె శిలీంధ్రనాశక గుణం మీద 1994లో యూరోపియన్ పేటెంటు కార్యాలయం ఇచ్చిన పేటెంటును భారతీయుల అభ్యంతరంతో 2000లో రద్దు చేశారు. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. ఈ వివాదం వేపను సంప్రదాయ విజ్ఞానానికి ప్రతీకగా నిలిపింది. 2020లో కరోనా వ్యాపించిన తొలి వారాలలో వీధుల్లో వేపాకు, పసుపు కలిపిన నీళ్లు చల్లడం వెనుక పాత విశ్వాసం, ఈ కొత్త వివరణ రెండూ ఉన్నాయి.

ఈ వివరణ ఆచారంలో కొంత భాగాన్నే స్పృశిస్తుంది. క్రిమిసంహారమే ఉద్దేశమైతే ఆకు ఒంటికి చాలు, గుమ్మానికి కట్టనక్కరలేదు. తిరగమోత మానడానికీ, బిడ్డకు మొక్కడానికీ, నీళ్లు పోసిననాడు మండ తీసివేయడానికీ ఆ వివరణలో చోటు లేదు. మశూచికి వేప మందు కాలేదు. ఆ వ్యాధిని నిర్మూలించినది టీకా. భారతదేశంలో చివరి మశూచి కేసులు 1975 మే నెలలో నమోదైనాయి. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమి మీద మశూచి లేదని ప్రకటించింది. రోగం పోయినా అమ్మవారు పోలేదు. మశూచి లేని కాలంలో ఆ దేవత ఏమైందన్న ప్రశ్నను మార్గరెట్ ట్రావిక్ ఎగ్నర్ 1984లో తమిళనాడు మారియమ్మ విషయంలో చర్చించింది. నెల్లూరు తీరంలో ఆ మండలు ఆటలమ్మకూ, తట్టుకూ మిగిలాయి. రసాయనగుణమే మూలమైతే ఈ కొనసాగింపును వివరించడం కష్టం.

దీనివల్ల కలిగే ప్రయోజనం గ్రంథస్థమైనది మాత్రమే కాదు. తట్టు నేటికీ పసిబిడ్డల ప్రాణం తీయగల వ్యాధి. గుమ్మానికి వేపమండ కట్టిన ఇంటిని చూసి, వీరు మూఢనమ్మకంతో వైద్యాన్ని నిరాకరిస్తున్నారని ఆరోగ్య కార్యకర్త భావిస్తే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. రోగాన్ని తరమమని చెప్పే భాష ఆ తల్లికి అమ్మవారిని అవమానించమన్నట్లు వినిపిస్తుంది. మండ అక్కడ మందుకు పోటీగా లేదని, అది ఒక మర్యాద అని గ్రహించినవారు ఆ మర్యాదను భంగపరచకుండానే బిడ్డను ఆసుపత్రికి చేర్చగలరు. మండ అమ్మవారికి, మందు బిడ్డకు అన్న విభజనను ఆ ఇంటివారు అంగీకరించగలరు. పరాయివారిని ఆపే వేపతోరణపు నియమం అంటువ్యాధి నివారణకు అనుకూలమైనదే కూడా.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

ఒకటి: పీచ్ కొయ్య, వేపమండ రెండూ ద్వారంలో, సంధికాలంలో నిలిచే రక్షావృక్షాలు. స్థానం, కాలం సమానమైనంత మాత్రాన అర్థం సమానం కాదు.

రెండు: పీచ్ కొయ్య శిక్షాధికారానికి చిహ్నం. వేపమండ ఆతిథ్యానికి చిహ్నం. మొదటిది ఎండిన కొయ్యగా, చెక్కిన వస్తువుగా నిలుస్తుంది. రెండవది పచ్చిగా వచ్చి, పని తీరాక వెళ్లిపోతుంది.

మూడు: ఈ భేదం జాతులది కాదు, వైఖరులది. వాంగ్‌యే నావలు, తెలుగు భూతవైద్యం ఇందుకు సాక్ష్యాలు.

నాలుగు: వేప ఆచారానికి క్రిమిసంహారక గుణాన్ని ఏకైక హేతువుగా చెప్పడం ఆచారానికి గౌరవంగా కనిపించినా, దాని అసలు భావాన్ని తుడిచివేస్తుంది.

గ్రామదేవతల మీద క్షేత్రపరిశోధన చేసేవారు "వేపాకు కట్టారు" అని నమోదు చేసి ఊరుకోరాదు. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఏ మాట పలుకుతూ కట్టారు, ఎవరు ఎప్పుడు విప్పారు, విప్పిన మండ ఏమైంది అనే అంశాలను కూడా నమోదు చేయాలి. తరమడమా, చల్లబరచడమా అన్నది ఆ వివరాలలోనే తేలుతుంది. సూళ్లూరుపేటలో చిగురించిన తలుపు చెక్క కథ చెప్పేది కూడా అదే: ఒకే కొయ్య అడ్డుగా నిలవగలదు, నీడగానూ నిలవగలదు.